పిడికిట్లో తాళాలగుత్తి

“తప్పు చేసినవాడు పారిపోతాడు మేడమ్, లేదా అబద్ధమాడతాడు. వీడు రెండూ చెయ్యడం లేదు. ‘నేనే కొట్టినానేమో సార్, నాకు తెల్దు’ అంటున్నాడు. సాయంత్రం కోర్టులో హాజరుపరుస్తున్నాం. ఇంక మీరొచ్చి కొత్తగా కనిపెట్టేదేముంది?”

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మణిదీప్ ఈ మాట అంటూ బల్ల మీదున్న ప్లాస్టిక్ సంచిని రాజేశ్వరమ్మ వైపు తోశాడు. ఆమె దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది. పాతకాలపు ఇనుప తాళంచెవులు, ఒక్కొక్కటీ వేలెడు పొడుగు, అన్నీ ఒకే వలయానికి గుచ్చి ఉన్నాయి. వలయానికి నూలుతాడు. తాడు ఎక్కడా తెగలేదు. ముడి మాత్రం విప్పి ఉంది.

“ఈ ముడి ఎవరు విప్పినారు?”

“ఇంకెవరు, వాడే. సావుకారును వెనకనుంచి కొట్టి పడేసి, నడుం నుంచి విప్పుకున్నాడు.”

“పడిపోయిన మనిషి పంచె కింద వెతుక్కుని, మొలకు కట్టిన ముడిని ఓపిగ్గా విప్పుకుంటా కూచున్నాడా? పక్కనే గోతాలు కోసే కత్తి ఉంటే?”

“మొదటిసారి దొంగతనం చేసేవాడికి తెలివి తక్కువ మేడమ్.”

రాజేశ్వరమ్మ నవ్వింది. జవాబు బాగుంది. ఈ స్టేషన్‌లోనే ఎస్సైగా చేసి రిటైరైన మనిషి ఆమె. ఇప్పుడు ఆదోనిలో ప్లీడర్లకు ఎవరి గురించైనా కూపీ లాగాలంటే ఆమెకే కబురు చేస్తారు. ‘పొయ్యి ఆర్పేసి బయల్దేరే డిటెక్టివ్’ అని వీధిలోవాళ్ళు వేళాకోళం చేస్తారు గానీ, చిక్కుపడ్డ నూలు విప్పినట్టు ఆమె కేసు విప్పుతుందని కూడా వాళ్ళే చెబుతారు.

ఈ కేసు మాత్రం పైకి చిక్కుగా లేదు. నిన్న మధ్యాహ్నం రామలింగయ్య సావుకారు తన పత్తి గోడౌన్లో తల వెనక దెబ్బ తగిలి పడి ఉన్నాడు. ఇప్పుడు కర్నూలు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆయన పక్కనే కాటా దగ్గర పనిచేసే పర్వేజ్ పడి ఉన్నాడు. నోటినుంచి, చొక్కా మీద రక్తం. కుడి పిడికిట్లో ఈ గుత్తి. స్నానానికి పోయినా సావుకారు నడుం నుంచి విప్పని గుత్తి అది. టీకి పోయి తిరిగొచ్చిన గుమాస్తా చిన్నప్ప ఇద్దర్నీ చూసి కేక పెట్టాడు. పక్క మండీలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

“పైగా వాడికి కక్ష ఉంది,” అన్నాడు మణిదీప్. “లారీల మీద లోడు కట్టే పనిలోంచి సావుకారు వాణ్ణి తీసేసి కాటా దగ్గర కూచోబెట్టాడట. నలుగురిలో తిట్టి మరీ దింపాడట. చిన్నప్ప చెప్పాడు.” కాసేపాగి గొంతు తగ్గించాడు. “మీ అమ్మాయికి వీడు సాయం చేశాడని విన్నాను. మీరు రుణం తీర్చుకోవడానికొచ్చారు. నేను కేసు తేల్చడానికి కూచున్నాను. తేడా అదే.”

“రుణం ఉంది. దాచుకోను. అట్లని తప్పు చేసినోణ్ణి కొంగు కింద దాచే రకం కాదు నేను. వాడే కొట్టుంటే, నీకంటే ముందు నేనే ఆ మాట రాసిస్తా. ఒకసారి మాట్లాడనియ్యి.”

మణిదీప్ భుజాలెగరేసి లేచాడు. “నేనూ కూచుంటాను.”

*

రెండేళ్ళ కిందట ఎమ్మిగనూరు బస్టాండులో రాజేశ్వరమ్మ కూతురు ఇందు ఫిట్స్ వచ్చి పడిపోయింది. చుట్టూ జనం. ఒకరు ఉల్లిపాయ తెచ్చారు, ఒకరు చెప్పు తీశారు, ఒకరు పళ్ళ మధ్య ఏదైనా పెట్టమని అరిచారు. ఒక కుర్రాడు అందర్నీ నెట్టుకొచ్చి కింద కూచున్నాడు. తన సంచీ ఆమె తలకింద పెట్టాడు. ఒక పక్కకు ఒత్తిగిలించాడు. మెడ దగ్గర చున్నీ వదులు చేశాడు. బట్టలు తడిసిన సంగతి ఎవరికీ కనపడకుండా తన తువ్వాలు కప్పాడు. ఇందు ఫోన్లో ‘అమ్మ’ అని ఉన్న నంబరు చూసి ఫోన్ చేసి, రాజేశ్వరమ్మ ఆదోని నుంచి వచ్చేదాకా బస్సుల మీద బస్సులు వదులుకుని అక్కడే కూచున్నాడు.

“నీకివన్నీ ఎట్ల తెలుసు నాయనా?” అని ఆరోజు ఆమె అడిగింది.

“మా ఇంట్లో ఒకరికుందమ్మా,” అన్నాడు పర్వేజ్, తల దించుకుని.

ఆ ఒకరు ఎవరో అడగడం ఆమెకు ఆరోజు తోచలేదు. ఊపిరి తిరిగొచ్చిన తల్లికి ప్రశ్నలు తోచవు.

ఇప్పుడు స్టేషన్ వరండాలో పర్వేజ్ తల్లి మరియంబీ గోడకానుకుని కూచునుంది. రాజేశ్వరమ్మను చూసి లేచి, ముసుగు కొంగులో దాచిన చిన్న పొట్లం తీసింది.

“వానికి ఇవి అందియ్యల్ల తల్లీ. తలనొప్పి మాత్రలు. పోలీసోళ్ళు ఇయ్యనియ్యరు.”

“తలనొప్పి మాత్రలేనా?”

మరియంబీ చూపు పక్కకు తిప్పుకుంది. “అవ్.”

తలనొప్పి మాత్రలను ఏ తల్లీ కొంగులో దాచి తేదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని రాజేశ్వరమ్మ లోపలికి నడిచింది.

*

పర్వేజ్ బెంచీ మీద కూచుని ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు ఒక్క రాత్రిలో నలభై ఏళ్ళవాడిలా వాడిపోయాడు. ఆమెను చూసి లేవబోయి, ఒళ్ళు సహకరించక మళ్ళీ కూలబడ్డాడు.

“ఒళ్ళు నొప్పులా?”

“ఎవురో రోట్లో ఏసి దంచినట్టుందమ్మా.” మాట ముద్దగా వచ్చింది.

“కొట్టినారా?”

“ఎవురూ కొట్టలేదు. ఆ మాట మాత్రం అనగూడదు.”

మణిదీప్ ముఖంలో కొంచెం తృప్తి కనిపించింది.

“నిన్న నీకు ఆఖరున గుర్తుండేది ఏంది? తొందరలేదు, తలుసుకుని సెప్పు.”

“మధ్యానం జొహర్ నమాజు సేసుకుని వచ్చినా. కాటా కాడ కూసున్న్యా. సావుకారు, చిన్నప్పన్న వెనకగది కాడ ఏందో గట్టిగా మాట్లాడుకుంటాండారు. అంతలో రబ్బరు కాలినట్టు వాసనొచ్చినాది. ఆమీట...” తల అడ్డంగా ఊపాడు. “ఆమీట మందంతా నా సుట్టూ ఉండారు. సావుకారు పక్కన రగతంలో ఉండాడు. నా సేతిలో తాళాలుండాయి. ఎట్లొచ్చినాయో తెల్దు. నేనే ఏమన్నా సేసినానేమో! నేను గాకుంటే నా సేతికెట్లొస్తాయమ్మా?”

రబ్బరు కాలిన వాసన. రాజేశ్వరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. ఇందుకు కూడా పడిపోయే ముందు పాలు మాడిన వాసన వస్తుంది. పొయ్యి మీద పాలే ఉండవు.

“నోరు తెరువు. నాలుక చూపించు.”

నాలుక ఒక పక్క అంచున పళ్ళు దిగిన గాటు.

“సూడు నాయనా, రంజాన్ నెల గదా, నిన్న తెల్లారకముందు తినేకి సహర్‌కు లేచినావా?”

“లేదమ్మా. రాత్రంతా మండీలో లెక్కలకు కాటా ఏసినాం. మూడు కొట్టినాంక పండుకున్న్యా. మెలకువ రాలేదు.”

“అన్నం లేకనే రోజా ఉపవాసం ఉన్నావు. నిద్రా లేదు. సహర్‌కు ఏసుకోవాల్సింది గూడా ఏసుకోలేదు. అంతేనా?”

పర్వేజ్ భయంగా ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. “నాకేం లేదమ్మా. నేను మాత్రలేం...”

మాట అక్కడే ఆగిపోయింది. చూపు గోడ మీద ఒకచోట నిలబడింది. కుడిచేతి వేళ్ళు చొక్కా అంచును నలపడం మొదలుపెట్టాయి. రాజేశ్వరమ్మకు ఆ వేళ్ళు తెలుసు. ఇందు వేళ్ళు దుప్పటి అంచును అచ్చం అలాగే నలుపుతాయి. ఆమె ఒక్క ఉదుటున లేచి వాడి భుజాల కింద చేతులు వేసింది. నేలకు దించేసరికి ఒళ్ళంతా కొయ్యబారి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

“నీళ్ళు! స్పూన్ తెండి, పళ్ళు గిట్టకరుస్తున్నాయి!” మణిదీప్ అరిచాడు.

“నోట్లో ఏదీ పెట్టొద్దు. నీళ్ళూ వద్దు. ఆ బెంచీ అవతలికి లాగు. కాళ్ళు అదిమి పట్టుకోవద్దు, వదిలెయ్యి. 108కి ఫోన్ చెయ్యమను. నిన్నా వచ్చింది, ఈరోజూ వచ్చింది, మాత్ర పడలేదు. ఆగకుండా పోతే కష్టం. నువ్వు గడియారం చూస్తా నిలబడు.”

తన సంచీ వాడి తలకింద పెట్టింది. పై గుండీ విప్పింది. నురగ గొంతులోకి పోకుండా మెల్లగా పక్కకు ఒత్తిగిలించింది. కొంగుతో మూతి తుడిచింది. “ఏంలేదు నాయనా, అయిపోతాది, అయిపోతాది,” అంటూనే ఉంది. వాడికి వినపడదని తెలుసు. ఇందుకూ వినపడదు. అయినా అంటుంది.

ఆ గందరగోళంలో ముసలి కానిస్టేబుల్ బజారి గబగబా వచ్చి మోకాళ్ళ మీద కూచోవడం ఎవరూ పట్టించుకోలేదు. అతని పెదవులు ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్నాయి.

కొట్టుకోవడం నెమ్మదించింది. పెద్ద ఊపిరొకటి తీసి పర్వేజ్ ఒళ్ళు వదిలేశాడు.

“మూడు నిమిషాలు కూడా కాలేదు,” అన్నాడు మణిదీప్. అతని నుదురు చెమటతో తడిసిపోయింది. “నాకు మూడు గంటల్లా ఉంది మేడమ్.”

రాజేశ్వరమ్మ పర్వేజ్ కుడిచేతి వైపే చూస్తోంది. బిగుసుకున్న పిడికిట్లోంచి ఇనుపచెవుల కొసలు బయటికి వేలాడుతున్నాయి.

“మణిదీప్, ఇటు చూడు. నీ లాకప్ తాళాలు ముద్దాయి చేతిలో ఉన్నాయి. దొంగతనం కేసు ఇంకోటి రాసుకుంటావా?”

మణిదీప్ తన కళ్ళను తానే నమ్మలేనట్టు వంగి చూశాడు. బజారి నడుం తడుముకుని లేచి సెల్యూట్ కొట్టాడు.

“తప్పయిపోయినాది సార్! పిల్లోడు కొట్టుకుంటాంటే సెయ్యి ఊరికే ఉండలేదు. మా అవ్వ కాన్నుంచి అలవాటు సార్. ఫిట్సు వస్తే ఇనుము పట్టిస్తాం.”

“ఇనుముతో తగ్గదు బజారీ. దానంతట అదే తగ్గుతాది,” అంది రాజేశ్వరమ్మ. “మళ్ళీ ఎవరికీ పట్టించొద్దు, పదునుంటే కోసుకుపోతుంది. కానీ లాకప్ తాళమని గూడా చూసుకోకుండా నీ చెయ్యి పోయింది చూడు, దానికి మాత్రం దండం పెట్టాల.”

మణిదీప్ మెల్లగా కుర్చీలో కూచున్నాడు. అతని చూపు బల్ల మీది సంచికీ, పర్వేజ్ పిడికిలికీ మధ్య తిరుగుతోంది.

“అంటే నిన్న కూడా... వీడి చేతిలో ఎవరో పెట్టారు.”

“పెట్టినారు. వీనికి ఫిట్స్ ఉందని నీకెవరూ చెప్పలేదు, అందుకే నీకు తట్టలేదు. నాకు తెలిసుండాల్సింది, నేనూ అడగలేదు.”

వాకిట్లో మరియంబీ నిలబడి ఉంది. పొట్లం విప్పి రెండు చేతులతో చాచింది. ఇక దాచడానికేమీ మిగలలేదు.

“ఏడేండ్లాయె తల్లీ. ఎమ్మిగనూర్లో డాక్టరు రాసిచ్చిన మాత్రలే. సహర్‌కొకటి, ఇఫ్తార్‌కొకటి ఏసుకోమని గూడా సెప్పినాడు. ఏసుకుంటే ఏం రాదు, బంగారట్ల ఉంటాడు. పనిలో తెలిస్తే తీసేస్తారని నోరు మూసుకున్న్యాం. నోరు మూసుకుని బిడ్డను జైలుకు తోలుకుంటాంటి.”

*

108లో పర్వేజ్‌ను ఆసుపత్రికి పంపాక, డ్యూటీ డాక్టరు మౌనికను మణిదీప్ ఒక్కటే అడిగాడు: “ఫిట్స్‌లో ఉండగా మనిషి ఇంకొకర్ని గురిచూసి కొట్టగలడా?”

“తన నాలుకనే కాపాడుకోలేడు సార్. కడ్డీ ఎత్తి ఒకరి తల మీద ఎక్కడ కొడతాడు? తర్వాత కూడా చాలాసేపు తానెక్కడున్నదీ తెలీదు.”

ఆ మాట పర్వేజ్‌కు చెప్పమని మరియంబీని మంచం దగ్గర వదిలి, ఇద్దరూ జీపులో గోడౌన్‌కు పోయారు.

చిన్నప్ప తలుపు తీశాడు. యాభై దాటిన మనిషి, మాటకారి. “రాండి మేడమ్, రాండి సార్. సావుకారు లేని మండీ, దేవుడు లేని గుడి మాదిరుండాది.”

నేల మీద సుద్దగీతలు అలాగే ఉన్నాయి. రాజేశ్వరమ్మ పంచనామాలో రాసినవి ఒక్కొక్కటీ అడుగుతూ నడిచింది.

“సావుకారు చెప్పొకటి వాకిలి దగ్గర, ఇంకొకటి పర్వేజ్ తల దగ్గర. మీరేమనుకున్నారు?”

“పెనుగులాటలో ఊడిందనుకున్నాం,” అన్నాడు మణిదీప్.

“సావుకారు తువ్వాలు?”

“పర్వేజ్ తలకింద దొరికింది. రక్తం ఉంది. చేతులు తుడుచుకున్నాడని రాశాం.”

“తుడుచుకున్న గుడ్డ నలిగి ఉంటాది. ఇది నాలుగు మడతలేసి ఉందని నీ పంచనామాలోనే రాశావు. రక్తం మడత నడుమ. దిండు మాదిరి ఎవరో తలకింద పెడితే, కొరుక్కున్న నాలుక రక్తం దాంట్లోకి దిగింది.” ఆమె ఒక పత్తి బేలు ముందు ఆగి, నడుం ఎత్తులో ఎండిపోయిన మరకను చూపించింది. “ఇది సావుకారు రక్తం. ఆరడుగుల మనిషి నిలబడుంటే ఇంత కిందనా చిందేది?”

మణిదీప్ గబుక్కున గొంతుకూచుని చూశాడు. మరక అతని తలకు సరిగ్గా సమానంగా ఉంది. కూచున్నవాడు కూచున్నట్టే ఉండిపోయాడు.

“ఆయన కూచుని ఉన్నాడు,” అన్నాడు నెమ్మదిగా. “వాడి పక్కన. చెప్పు వాడి ముక్కు దగ్గర పెట్టాడు. తువ్వాలు తలకింద పెట్టాడు. నడుం నుంచి తాళాలు తనే విప్పి...”

“రోజూ తాను కట్టుకునే ముడి. తనొక్కడే అంత సులువుగా విప్పగలడు.”

“ఇవన్నీ నేను దెబ్బలాట అని రాశాను మేడమ్.”

రాజేశ్వరమ్మ ముందుకు నడిచింది. సావుకారు కూచునే చోట గల్లాపెట్టె సొరుగు తెరిచి ఉంది. లోపల ఊదువత్తుల కట్ట, కళ్ళజోడు, ఒక మూలన విప్పని మాత్రల అట్ట. ఆమె అట్టను తిప్పి పేరు చదివింది. మరియంబీ పొట్లంలో చదివిన పేరే. మళ్ళీ చదివింది.

“ఇవి సావుకారువా చిన్నప్పా?”

“ఏమో మేడమ్. ఆయప్పకు షుగర్ లేదు, బీపీ లేదు. గుండ్రాయి మాదిరుండె.”

అట్టను మణిదీప్‌కు చూపించి సంచీలో వేసుకుంది. వెనకగది తలుపుకు కొత్త తాళం మెరుస్తోంది. ఆ పాత గుత్తిలోని చెవి ఏదీ దానికి సరిపోయేది కాదు. ఆమె అటు చూసీ చూడనట్టు తిరిగి, తీరుబాటుగా ఒక మూట మీద కూచుంది. పెరట్లో బియ్యం చెరుగుతూ కబుర్లాడే ఆడమనిషి గొంతు తెచ్చుకుంది.

“ఇంగ్లీషు మందులు ఎన్నన్నా ఉండనీ చిన్నప్పా, పెద్దోళ్ళు ఊరికే సెప్పలేదప్పా. పొద్దున స్టేషన్లో పర్వేజ్‌కు మల్ల ఫిట్సొచ్చినాది. మా బజారి ఇట్ల తాళాలు పట్టించినాడో లేదో, అట్ల నిలబడిపాయె! ఇనుములో ఆ గుణముండాది.”

చిన్నప్ప పెదవి విరిచాడు. నాటువైద్యం గురించి వాదన వస్తే ఆ ఊళ్ళో ఊరుకునేవాళ్ళు తక్కువ.

“ఏం గుణం మేడమ్, నా మొగం గుణం! నిన్న సావుకారు పెట్టలేదా? పెట్టినాంక గూడా పిల్లోడు గిలగిల కొట్టుకుంటానే ఉండె.”

బయట ఏదో ట్రాక్టరు పోయింది. చిన్నప్ప చెయ్యి నోటి వైపు లేచి మధ్యలో ఆగింది.

మణిదీప్ లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

“చిన్నప్పా, నువ్వప్పుడు టీ తాగుతున్నావు కదా? వచ్చేసరికి ఇద్దరూ కదలకుండా పడి ఉన్నారని సంతకం పెట్టావు. మరి కొట్టుకోవడం ఎక్కడినుంచి చూశావు? వెనకగది వాకిట్లోంచా?”

చిన్నప్ప వాకిలి వైపు రెండడుగులు వేశాడు. అక్కడ జీపు డ్రైవరు అడ్డంగా నిలబడి ఉన్నాడు. చిన్నప్ప అక్కడే కూలబడ్డాడు. జేబులో దొరికిన చెవితో మణిదీప్ వెనకగది తెరిచాడు. గది ఖాళీ. నేలంతా ఎర్రరంగు పూసిన పత్తి విత్తనాలు చింది ఉన్నాయి. మూలన పేరున్న కంపెనీవాటిని పోలిన ఖాళీ ప్యాకెట్లు.

“నకిలీ విత్తనాలు,” అంది రాజేశ్వరమ్మ. “నిన్న సావుకారు గట్టిగా అడిగింది దీని గురించేనా?”

“తలుపు తెరువు, అధికారులకు చెప్తానన్యాడు మేడమ్,” అన్నాడు చిన్నప్ప. “అంతలో పిల్లోడు పడినాడు. నా మాట ఇడిసిపెట్టి పోయి వాని కాడ కూసున్న్యాడు. నాకు ఈపు తిప్పి కూసున్న్యాడు. తలుపు కడ్డీ నా సేతికాడే ఉండె. సైతాను పట్టినాడు నన్ను. తాళాలు ముందే వాని సేతిలో ఉండె, నేను పెట్టలేదు. అందరూ అదే సూసిరి, నేను ఊరుకుంటి.”

“సరుకెక్కడ?”

“అందరూ సావుకారును కర్నూలుకు తోలకపోతాంటే... ఆ సందులో వ్యాను ఎత్తుకుపాయె. దేవనకొండ దావలో. ఆడ రేపట్నుంచి ఊర్లకు పంచుతారు.”

మణిదీప్ అప్పటికే ఫోన్ తీశాడు. దేవనకొండ పోలీసులకు రెండు మాటలు చెప్పి, జీపు వైపు పరుగెత్తబోతూ ఆగాడు.

“అది రైతుల చేతికి పోతే ఎన్ని చేలు ఎండుతాయో! నేను పోవాలి మేడమ్. పర్వేజ్‌కు...” మాట వెతుక్కున్నాడు. “పర్వేజ్‌కు నేనే వచ్చి చెబుతాను. కాపలా కానిస్టేబుల్‌ను మాత్రం ఇప్పుడే తీసేస్తున్నాను.”

“పో నాయనా. జాగ్రత్త. ఆ వ్యానులో ఉండేవాళ్ళు చిన్నప్ప మాదిరి కూలబడే రకం కాదు.”

*

ఆసుపత్రిలో పర్వేజ్ మంచం మీద లేచి కూచున్నాడు. వాకిట్లో కాపలా లేదు. మరియంబీ ఒక చేత్తో నీళ్ళ గ్లాసు, ఇంకో చేత్తో మాత్ర పట్టుకుని బతిమాలుతోంది.

“సూడు తల్లీ వీన్ని! డాక్టరమ్మ ఇప్పుడే ఏసుకోమనె. రోగంలో రోజాకు మాఫీ ఉండాదిరా, మల్ల పెట్టుకోవచ్చు అంటే ఇనడు.”

పర్వేజ్ వినే స్థితిలో లేడు. పిడికిళ్ళు ఒళ్ళో బిగించి కూచున్నాడు. “డాక్టరమ్మ సెప్పినాదంట, నేను కొట్టలేదని. నిజమేనామ్మా?”

“నిజమే. చిన్నప్ప ఒప్పుకున్నాడు.”

వాడి కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. అయినా పిడికిళ్ళు సడలలేదు.

“అల్లా ఉండాడు. ఆ తాళాలు మరి?”

“సావుకారే పెట్టినాడు. నువ్వు పడితే నీ పక్కన కూచుని, నడుం నుంచి విప్పి నీ చేతిలో పెట్టినాడు. ఆ దెబ్బ నీ పక్కన కూచున్నందుకే తగిలినాది.”

పర్వేజ్ తల వంచాడు. “అయితే ఇప్పుడు తెలిసిపోయినట్టే గదమ్మా, నాకిది ఉండాదని. ముందే లారీ మింద పనికిరావని తిట్టి దించినాడు. ఇంగ కాటా కాడ గూడా...”

రాజేశ్వరమ్మ సంచీలోంచి మాత్రల అట్ట తీయబోయింది. ఫోన్ మోగింది. కర్నూలు నుంచి సావుకారు కూతురు లావణ్య.

“పెద్దమ్మా, నాన్న కళ్ళు తెరిచినాడు! తెరిచినప్పట్నుంచి పర్వేజ్ పర్వేజ్ అని ఒకటే పాట. నర్సమ్మ మాట్లాడొద్దంటాంటే ఇనడంలేదు. వాడు ఆడుంటే ఒక్క మాట ఇప్పించు.”

రాజేశ్వరమ్మ స్పీకరు నొక్కి ఫోన్ వాడి ముందు పట్టుకుంది. అవతల యంత్రం ఏదో ఆగి ఆగి కూస్తోంది. ఆ కూతల మధ్య సన్నని, అరిగిపోయిన గొంతు.

“ఒరే, పర్వేజూ.”

“సావుకారీ...” పర్వేజ్ ఫోన్ మీదికి వంగాడు.

“మాత్ర ఏసుకున్న్యావా?”

మరియంబీ తలెత్తి ఫోన్ వైపు చూసింది.

“నీకు... నీకు తెలుసా సావుకారీ?”

“తెల్వకనేనా లారీ మింద నుంచి దించింది? ఆడనుంచి పడితే యాడ ఏరుకునేది నిన్ను?” గొంతు ఆగి ఊపిరి పీల్చుకుంది. “నీ సంచీలో సూసిన మాత్రలే, గల్లాపెట్టెలో ఎప్పుడూ ఒక అట్ట పెట్టుంటా. నిన్న తీసేకి టైము లేకపాయె. నీకు నామోషీ అని సెప్పలేదు. సెప్పుంటే బాగుండె. ఇప్పుడు సెప్పు, మాత్ర ఏసుకున్న్యావా లేదా?”

పర్వేజ్ పిడికిలి విప్పాడు. అరచెయ్యి తల్లి ముందు చాచాడు.

“ఇదో, ఏసుకుంటాండా సావుకారీ.”